హాంకాంగ్ అబ్జర్వేటరీ టైఫూన్ హెచ్చరిక సేవ: బడికీ ఇంటికీ ఎంతవరకు ఆసరా?

హాంకాంగ్‌లో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి అద్దె ఇల్లు, పిల్లల బడి కుదిరిన తర్వాత వెంటనే తెలియవలసిన ప్రభుత్వ సేవ ఏదని ఎవరైనా అడిగితే, అక్కడి వాతావరణ కేంద్రమైన హాంకాంగ్ అబ్జర్వేటరీ నడిపే టైఫూన్ హెచ్చరిక వ్యవస్థ పేరే చెబుతాను. దీనికి రుసుమేమీ లేదు. ఫోనులో ‘మై అబ్జర్వేటరీ’ యాప్ పెట్టుకుంటే హెచ్చరిక మారిన ప్రతిసారీ కబురు వస్తుంది. టీవీ తెర మూలన, అపార్ట్‌మెంటు లాబీ గోడమీద కూడా అదే హెచ్చరిక సంఖ్య కనిపిస్తుంది. బడికి వెళ్లే పిల్లలున్న ఇంటి అవసరాల కోణం నుంచి ఈ సేవను ఇక్కడ సమీక్షిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది: గాలి విషయంలో, బడి విషయంలో ఇంత నమ్మకంగా పనిచేసే హెచ్చరికను నేను మరెక్కడా చూడలేదు, నీటి విషయంలో మాత్రం ఆ సంఖ్య ఒక్కదానినే నమ్ముకుని కూర్చోవడం ప్రమాదకరం. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను, తగ్గిన ఆ ఒక్క మార్కూ నీటి దగ్గరే తగ్గింది.

హెచ్చరికల్లో ఉన్నవి అయిదే అంకెలు: 1, 3, 8, 9, 10. తుఫాను కేంద్రం నగరానికి సుమారు 800 కిలోమీటర్ల లోపలికి వచ్చి, దాని ప్రభావం పడే అవకాశం కనిపిస్తే ఒకటో నంబరు జారీ చేస్తారు. గంటకు 41 నుంచి 62 కిలోమీటర్ల వేగంతో గాలి నిలకడగా వీస్తున్నా, వీస్తుందని అంచనా వేసినా మూడో నంబరు వస్తుంది. 63 నుంచి 117 వరకైతే ఎనిమిది, ఆ గాలి ఇంకా బాగా ముదురుతుంటే తొమ్మిది, 118 అందుకుంటే పది. నడుమ అంకెలు లేకపోవడానికి కారణం చరిత్రలో ఉంది. 1917లో అంకెల పద్ధతి మొదలయ్యాక అది పలుమార్లు మారింది. 1973లో 5 నుంచి 8 వరకు ఉన్న నాలుగు సూచికలనూ ఎనిమిది అనే ఒక్క అంకె కిందికి తెచ్చి, దానికి వాయవ్యం, నైరుతి, ఈశాన్యం, ఆగ్నేయం అని గాలి వచ్చే దిక్కును జోడించారు. కొత్తగా వచ్చినవారు ఇందులో గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే: మూడు తర్వాత వచ్చేది నేరుగా ఎనిమిదే కాబట్టి, మధ్యలో ఇంకొక హెచ్చరిక వస్తుందిలే, అప్పుడు సర్దుకోవచ్చులే అని పనులు వాయిదా వేసుకోకూడదు.

తెలుగువారికి నంబరు హెచ్చరికలు కొత్త కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వింటూనే పెరిగాం. అయితే 1 నుంచి 11 వరకు ఉన్న ఆ సూచికలు ఓడల కోసం, రేవు అధికారుల కోసం ఏర్పడినవి; అందులో పదకొండో నంబరుకు అర్థం తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. రేవులో మూడో నంబరు ఎగరేసిన రోజున మన ఊరి బడి ఉంటుందా లేదా అన్న సంగతి ఆ అంకె చెప్పదు. కలెక్టరు సెలవు ప్రకటించేదాకా తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఫోన్లు చూసుకుంటూ ఎదురు చూడవలసిందే. హాంకాంగ్ సూచికలు కూడా ఓడల కోసం పుట్టినవే అయినా, కాలక్రమంలో నగరం తన దినచర్య మొత్తాన్ని వాటికి ముడివేసుకుంది. ఏ నంబరుకు ఎవరు ఏం చేయాలన్నది ఎండ కాస్తున్న రోజుల్లోనే తేల్చి పెట్టుకోవడం వల్ల, గాలివాన ముంచుకొచ్చినప్పుడు ఎవరూ ఎవరి అనుమతి కోసమూ ఆగనవసరం లేదు. టైఫూన్ ఎటు పోతుందో చెప్పగల శాస్త్రజ్ఞులు చాలా దేశాల్లో ఉన్నారు. ఆ మాట వినగానే బడి ఏం చేయాలో ముందే రాసి పెట్టుకున్న నగరాలు మాత్రం తక్కువ.

బడుల ఏర్పాటు ఇలా ఉంటుంది. మూడో నంబరు జారీ అయితే కిండర్‌గార్టెన్లూ, శారీరక, మానసిక వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక పాఠశాలలూ మూసివేస్తారు. ఎనిమిదో నంబరుకు అన్ని బడులూ మూతపడతాయి. ఎనిమిది జారీ చేయడానికి సుమారు రెండు గంటల ముందు అబ్జర్వేటరీ ఒక ముందస్తు ప్రకటన చేస్తుంది. బడులకు, ఆఫీసులకు, బస్సులకు, ఫెర్రీలకు ఆ రెండు గంటలే ప్రాణాధారం. బడి నడుస్తుండగా ఈ ప్రకటన వెలువడితే తరగతులు ఆపేస్తారు, కాని గేట్లు తెరిచి పిల్లలను ఒక్కసారిగా బయటికి వదిలేయరు. దారి క్షేమంగా ఉందని నిర్ధారించుకున్నాకే పంపాలి, అప్పటిదాకా బడిలోనే ఉంచుకోవాలి అన్నది నియమం. తల్లిదండ్రులుగా మనకు ఇక్కడ కావలసింది నిబ్బరం. ఆఫీసు నుంచి పరుగెత్తి వెళ్లి పిల్లవాడిని తెచ్చుకోవాలన్న తొందర సహజమే అయినా, నగరమంతా ఆ రెండు గంటల్లోనే ఇంటి దారి పడుతుంది కాబట్టి మెట్రోలో నిలబడడానికి చోటుండదు, టాక్సీ దొరకదు. పక్కా భవనంలో టీచర్ల కళ్లముందున్న పిల్లవాడు, దారి మధ్యలో చిక్కుకున్న తల్లి కన్నా భద్రంగా ఉంటాడు.

కనుక బడితో మాట్లాడుకోవలసినవి సంవత్సరారంభంలోనే మాట్లాడుకోవాలి. స్కూలు బస్సు ఆ రోజు ఎప్పుడు బయలుదేరుతుంది, బస్సులో ఉన్న ఆయా ఫోను నంబరు ఏది, అమ్మానాన్నలు కాకుండా పిల్లవాడిని అప్పగించదగిన వారి పేర్లు బడి దగ్గర నమోదై ఉన్నాయా, మందులు వాడే పిల్లలకు కొన్ని గంటలపాటు సరిపడా మందు బడిలో ఉందా అన్న ప్రశ్నలకు జవాబులు మే నెలలోపే కావాలి. ఎందుకంటే ఇక్కడ టైఫూన్ల కాలం సాధారణంగా మే నుంచి నవంబరు వరకు సాగుతుంది, జులై నుంచి సెప్టెంబరు దాకా ఉధృతి ఎక్కువ. మంచి బడి ఏదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన గుర్తు ఇది: ఈ ప్రశ్నలు మనం అడగకముందే వాటికి జవాబులు రాసి ఇంటికి పంపే బడి. పిల్లలతో కూడా బెదిరించకుండా, దాచకుండా మాట్లాడాలి. మూడు అంటే ఏమిటి, ఎనిమిది అంటే ఏమిటి, ఎనిమిది వచ్చినప్పుడు టీచరు మాట దాటి గేటు వైపు ఎందుకు వెళ్లకూడదు అన్నవి రెండో తరగతి పిల్లలు కూడా చక్కగా అర్థం చేసుకుంటారు.

ఈ ఏర్పాటులో ఒక అతుకు సరిగా కుదరలేదు. మూడో నంబరుకు కిండర్‌గార్టెన్ మూతపడుతుంది, ఆఫీసులు మాత్రం యథాప్రకారం నడుస్తాయి. అమ్మమ్మలూ నాయనమ్మలూ సముద్రాల అవతల ఉన్న మనలాంటి కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే, మూడేళ్ల పిల్లను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న తెల్లవారుజామున అయిదింటికి తలెత్తుతుంది. దానికి జవాబు అబ్జర్వేటరీ చేతిలో లేదు. అదే భవనంలో ఉన్న మరో కుటుంబంతో ముందుగానే మాట ఒప్పందం చేసుకోవడం, ఎవరి యజమాని ఇంటినుంచి పని ఒప్పుకుంటాడో ముందే కనుక్కోవడం తప్ప నాకు మరో దారి కనిపించలేదు. ప్రభుత్వం ఆ ఉదయాల్లో చిన్నపిల్లల తల్లుల్లో గాని తండ్రుల్లో గాని ఒకరికి వెసులుబాటు ఇవ్వాలని యజమానులకు ఇంకా గట్టిగా చెప్పాలని కోరుకుంటున్నాను.

హెచ్చరిక దింపిన తర్వాతి ఘట్టాన్ని ఈ వ్యవస్థ అనుభవం మీద నేర్చుకుంది. 2018 సెప్టెంబరు 16న వచ్చిన మంగ్‌ఖుట్ టైఫూన్ సమయంలో పదో నంబరు 10 గంటలపాటు అమలులో ఉంది. నాలుగు వందల మందికి పైగా గాయపడ్డారు. మర్నాటి ఉదయానికి ఎనిమిదో నంబరు కూడా దిగిపోయింది కాని వేలాది చెట్లు రోడ్లకు అడ్డంగా పడి ఉన్నాయి, బస్సులు లేవు. 17, 18 తేదీల్లో బడులు మూసే ఉంచారు గాని ఆఫీసులకు అలాంటి ఏర్పాటు లేకపోవడంతో సోమవారం ఉదయం మెట్రో స్టేషన్లలో జనం గంటల తరబడి నిలబడిపోయారు. ఆ తర్వాతే, సూచిక దిగినా నగరం కుదుటపడే వరకు జనాన్ని ఉన్నచోటే ఉండమని చెప్పే ‘తీవ్ర పరిస్థితుల’ ప్రకటనను ప్రవేశపెట్టారు. 2025 సెప్టెంబరులో రగాసా టైఫూన్ వచ్చినప్పుడు ఎనిమిదో నంబరు కోసం ఎదురు చూడకుండా, 23, 24 తేదీల్లో బడులు ఉండవని విద్యాశాఖ ముందురోజే చెప్పేసింది. పొరపాటు జరిగినచోట నియమాన్ని దిద్దుకుంటూ వచ్చిన ఈ తీరు చూశాకే నాకు ఈ సేవ మీద గురి కుదిరింది.

ఎనిమిదో నంబరు వేశారు గాని మా వీధిలో ఆకైనా కదలడం లేదని విసుక్కునేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. ఈ విమర్శలో కొంత నిజం ఉన్నా, అపార్థమే ఎక్కువ. 2007 నుంచి మూడు, ఎనిమిది నంబర్ల నిర్ణయానికి సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఎనిమిది గాలి కొలమాన కేంద్రాలను ప్రమాణంగా తీసుకుంటున్నారు. వాటిలో సగం, అంటే నాలుగు గాని అంతకుమించి గాని, ఆ వేగాన్ని అందుకోవాలి, లేదా అందుకుంటాయని అంచనా ఉండాలి. హాంకాంగ్ కొండల నగరం. కొండకు ఇవతల గాలి మరుగులో ఉన్న వీధిలో దీపం కూడా కొండెక్కని సమయంలో, అవతల చ్యూంగ్ చౌ దీవిలో మనిషి నిలబడలేని గాలి వీస్తుంటుంది. నగరమంతటికీ ఒకే అంకె ఇచ్చినప్పుడు ఈ తేడా తప్పదు. మీ ఇంటికి దగ్గరి కేంద్రంలో గాలి వేగం ఎంతో యాప్‌లోనే కనిపిస్తుంది కాబట్టి, అంకెను నిర్ణయాలకూ ఆ వేగాన్ని ఇంటి జాగ్రత్తకూ వాడుకోవడం సరైన పద్ధతి.

ఎనిమిదికి జోడించిన దిక్కు చాలామంది పట్టించుకోని అమూల్యమైన సమాచారం. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి దాని కేంద్రం చుట్టూ అపసవ్యంగా తిరుగుతుంది. హాంకాంగ్‌ను ఎక్కువగా దెబ్బతీసే టైఫూన్లు తూర్పునుంచి వచ్చి నగరానికి దక్షిణంగా సముద్రం మీదుగా పడమటికి సాగిపోతాయి. అప్పుడు గాలి మొదట ఈశాన్యం నుంచి, తర్వాత తూర్పు నుంచి, చివరకు ఆగ్నేయం నుంచి వీస్తుంది. హెచ్చరిక ‘ఎనిమిది ఈశాన్యం’ అని ఉంటే ఉత్తరం, తూర్పు వైపు కిటికీలున్న గదుల నుంచి పిల్లల మంచాలను తీసేయాలి. అది ‘ఎనిమిది ఆగ్నేయం’గా మారితే ఇంతసేపూ నిశ్చింతగా ఉన్న గది వంతు వచ్చిందని అర్థం. తుఫాను కన్ను నేరుగా మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ ప్రశాంతతను చూసి పిల్లలను కిందికి దింపకూడదు.

ఇక నీటి సంగతి. ఈ సేవ మీద నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. నంబరు మొత్తం గాలి వేగం మీదే ఆధారపడి ఉంది. సముద్రం ఎంత ఎత్తుకు లేస్తుందో, వాన ఎంత కురుస్తుందో అది చెప్పదు. తుఫాను కేంద్రంలో పీడనం పడిపోవడం వల్ల సముద్రమట్టం కొంత ఉబుకుతుంది, తీరం వైపు వీచే గాలి ఆ నీటిని తోసుకొస్తుంది, ఇరుకైన అఖాతంలోకి చొరబడ్డ కొద్దీ నీటికి పోవడానికి చోటు లేక మరింత ఎత్తుకు లేస్తుంది. 1962 సెప్టెంబరు 1న వాండా టైఫూన్ వచ్చినప్పుడు టోలో హార్బర్ వైపు జరిగింది ఇదే. ఆ విపత్తులో 130 మంది మరణించారు, 53 మంది గల్లంతయ్యారు. మంగ్‌ఖుట్ సమయంలో ఉప్పెన నీరు హాంకాంగ్ దీవిలోని క్వారీ బే దగ్గర మామూలు పోటు కన్నా 2.35 మీటర్లు, అదే టోలో హార్బర్ ఒడ్డున ఉన్న తాయ్ పో కావ్ దగ్గర 3.40 మీటర్లు అధికంగా లేచింది. అంకె ఒకటే, నగరం ఒకటే, నీటి ఎత్తులో మీటరుకు పైగా తేడా. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తలుచుకునే ఏ తెలుగువారికీ గాలికన్నా నీరే ఎక్కువ ప్రాణాలు తీస్తుందన్న సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

వాన విషయంలోనూ అంతే. వానకు వేరే హెచ్చరికలున్నాయి: గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే పసుపు, 50 దాటితే ఎరుపు, 70 దాటితే నలుపు. 2023 సెప్టెంబరు 7 రాత్రి, అప్పటికే బలహీనపడిన హైకుయ్ టైఫూన్ అవశేషాల వల్ల కురిసిన వానలో అబ్జర్వేటరీ ప్రధాన కేంద్రం దగ్గర ఒక్క గంటలో 158.1 మిల్లీమీటర్లు నమోదైంది. 1884లో లెక్కలు మొదలయ్యాక అంత వాన ఎన్నడూ పడలేదు. ఆ రాత్రి టైఫూన్ నంబరు ఏదీ అమలులో లేదు. మర్నాడు బడులు మూసివేశారు. అంటే టైఫూన్ అంకె మీదే కళ్లు పెట్టుకున్న ఇంటికి ఆ రాత్రి ఏ సూచనా అందేది కాదు. కనుక వాన హెచ్చరికలకూ, కొండచరియల హెచ్చరికకూ యాప్‌లో విడిగా కబుర్లు వచ్చేలా పెట్టుకోవడం తప్పనిసరి. హెంగ్ ఫా చ్యూన్, లేయ్ యూ మున్, తాయ్ ఓ వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో ఇల్లు చూసుకునేవారు పోటు పట్టికలు చదవడం కూడా నేర్చుకోవాలి. పోటు సమయమూ తుఫాను రాకా ఒకే వేళకు కలిస్తే మూడో అంతస్తు వారికి కాకపోయినా, కింద కారు పెట్టుకున్నవారికి నష్టం ఖాయం. గాలికి అంకె ఉన్నట్టే ఉప్పెనకు కూడా ప్రాంతాలవారీగా అంతే సూటిగా, అంతే ప్రస్ఫుటంగా కనిపించే అంకె ఒకటి రావాలని నా విన్నపం.

యాప్‌లోని దారి పటం గురించి కొంచెం. టైఫూన్ వెళ్లబోయే మార్గాన్ని గీతగా చూపి, దాని చుట్టూ ఒక విశాలమైన ప్రాంతాన్ని రంగుతో గుర్తిస్తారు. కేంద్రం ఆ ప్రాంతంలో ఉండే అవకాశం సుమారు 70 శాతం అని దాని అర్థం. మిగిలిన 30 శాతం బయటే ఉంది. అయిదు రోజుల ముందరి గీతను చూసి విమానం టికెట్లు రద్దు చేసుకోవడమూ తొందరపాటే, గీత మన పక్కనుంచి పోయిందని కిటికీలు తెరిచి పెట్టుకోవడమూ తొందరపాటే. మరొక సంగతి: ఈ సంస్థ గాలి వేగాన్ని పది నిమిషాల సగటుగా లెక్కిస్తుంది, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటు, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటాయి. ఒకే టైఫూన్‌కు మూడుచోట్ల మూడు అంకెలు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. వాటిని పక్కపక్కన పెట్టి ఎవరిది తప్పని వాట్సాప్‌లో వాదించుకోవడం వృథా.

ఇంట్లో చేయవలసిన పని ఒకటో నంబరుకు మొదలై మూడో నంబరుకు పూర్తి కావాలి. బట్టలు ఆరేసే కర్రలు, పూలకుండీలు, తులసికోట, బాల్కనీ కుర్చీలు లోపలికి రావాలి. ఇరవయ్యో అంతస్తు నుంచి ఎగిరిపడిన కుండీ కింద నడిచేవారి ప్రాణం తీయగలదు. కిటికీ గడియలు ఒక్కొక్కటీ లాగి చూడాలి. అద్దాల మీద అడ్డదిడ్డంగా టేపు అంటించడం ఇక్కడ అందరూ చేసే పని. అది అద్దం పగలకుండా ఆపలేదు గాని, పగిలితే పెంకులు చెల్లాచెదురు కాకుండా కొంత ఆపుతుంది. కిటికీ అంచుల నుంచి వాననీరు చిమ్ముతుంది కాబట్టి పాత తువ్వాళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి, బాల్కనీ నీటి తూములో ఆకులు తీసేయాలి. ఎత్తయిన భవనాల్లో నీరు మోటార్లతోనే పైకి వస్తుంది. కరెంటు పోతే కుళాయి కూడా ఆగిపోతుంది గనుక బిందెలు, బకెట్లు నింపుకోవాలి. బియ్యం, పప్పు, పచ్చళ్లు ఉండే మన ఇళ్లలో తిండికి లోటు రాదు. పసిపిల్లల పాలు, డైపర్లు, పెద్దల బీపీ, షుగరు మాత్రలే ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే పెద్ద టైఫూన్‌కు ముందురోజు దుకాణాల అరలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయి. ఎనిమిది వేశాక లిఫ్టులో ఊరికే తిరగకూడదు. అలలు చూడడానికి సముద్రపు గట్టుకు వెళ్లడం, అందులోనూ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లడం, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. రగాసా రోజున ఒడ్డున ఉన్న ఒక హోటల్ అద్దాల తలుపులను బద్దలుకొట్టుకుని సముద్రం లోపలికి వచ్చిన దృశ్యాన్ని లోకమంతా చూసింది.

యాప్ ఇంగ్లీషులో, చైనీసులో ఉంటుంది. ఇంగ్లీషు చదవలేని పెద్దవారు ఊరి నుంచి వచ్చి మీ దగ్గర ఉంటే, ఏ నంబరుకు ఏం చేయాలో ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పగటిపూట ఇంట్లో ఉండేది, కిటికీ మూసేది, బడి బస్సు దగ్గరికి వెళ్లేది వారే. యాప్ పెట్టుకోగానే అమరికల్లోకి వెళ్లి టైఫూన్, వాన, కొండచరియలు, మూడింటికీ కబుర్లు తెరవండి, ఇంటి ప్రాంతంతోపాటు బడి ప్రాంతాన్ని కూడా ఎంచుకోండి. హెచ్చరిక వచ్చిన ఉదయం అంకె చూశాక విద్యాశాఖ ప్రకటననూ, బడి నుంచి వచ్చిన సందేశాన్నీ చూసి, ఆ తర్వాతే పిల్లలను నిద్ర లేపండి.